సుడి, వడి, ఉప్పెన: మన నీటి మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయమును నిలబెట్టుకొని వచ్చిన మీకందఱకు నా నమస్కారములు. ఇట్టి సభలలో గ్రంథపఠనము యొక్క ప్రాశస్త్యమును గుఱించి చెప్పుట వాడుక. ఆ పనిని నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగ నెరవేర్చినారు. నేను ఎన్నుకొన్న విషయము మన బీరువాలలో సగమే దొరకును. తక్కిన సగము ఈ సభలో కూర్చున్న మీ నాలుకలపై నున్నది. అది నీటి నడకను తెలుపు తెలుగు మాటల విషయము.

సుడి, వడి, ఉరవడి, ఆటు, పోటు, వరద, వెల్లువ, ఉప్పెన. ఈ మాటలను మనము నీటికి వాడుచున్నాము. మనసునకు, సంసారమునకు, అదృష్టమునకు, అప్పులకు గూడ వీనినే వాడుచున్నాము. నీటిని చూచి చెప్పిన మొదటి అర్థము మఱపున పడినచో మనుష్యులకు వాడు రెండవ అర్థము పలుచనైపోవును. ఒక్కొక్కప్పుడు మాట మఱచుట వలన ప్రాణములకే ముప్పు వచ్చును. ఈ రెండు సంగతులను మీ యెదుట ఉంచవలెనని నా కోరిక.

ఈ మాటలను గుఱించి మాటలాడుటకు మన సీమకంటె తగిన చోటు లేదు. నిన్నమొన్నటి వఱకు గుంటూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల జిల్లాలో చేరిన మన నగరము ప్రాంతము మూడు నీళ్ళ నడుమ నున్నది. ఒక ప్రక్క కృష్ణ, ఒక ప్రక్క కాలువలు, దిగువను సముద్రము. బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట పని 1852లో ఆరంభమై 1855లో ముగిసినది. ఆ 1852లోనే చెన్నపట్టణమున బ్రౌను దొరగారి తెలుగు నిఘంటువు అచ్చయినది. ఒక చోట నీటికి కట్ట కట్టుచుండగా మఱియొక చోట మాటలకు కట్ట కట్టిరన్నమాట. ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశం బారేజి వచ్చినది. నీటిని కాపాడు పని ఆగలేదు. మాటలను కాపాడు పని యెంతవఱకు సాగినదో చివరకు విచారింతము.

మొదట సుడిని చూతము. వడిగా పాఱు నీరు నెమ్మదిగా కదలు నీటి ప్రక్కనుండి పోవునపుడు, వంతెన స్తంభమునకో రాతికట్టకో తగిలి చీలునపుడు, లాకు తలుపుల క్రిందికి ఎత్తునుండి దూకునపుడు, నేరుగ సాగలేని నీరు తనలో తాను చుట్టుకొనును. అదియే సుడి. దుగ్గిరాల లాకుల చెంత ఒక్క గడియ నిలిచి చూచినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. సుడి పైపైన తిరిగి ఊరకుండదు. అడుగుననున్న ఇసుకను లేపి, తవ్వి, గోయి చేయును. ఆ గోతికి గుండమని పేరు. రెండును చేరి సుడిగుండమైనది. ఈ జంటమాటలో ఒక హెచ్చరిక దాగియున్నది. వరద తీసిన పిమ్మట సుడి మాయమగును, గుండము మిగులును. వేసవిలో మోకాలి లోతు నీటిలో నడచుచున్న పిల్లవాడు ఒక్క అడుగులో తలమునుక లోతునకు పోవుటకు తఱచుగ కారణమిదియే. ఇసుక తీసిన గోతులు ఇప్పుడు వీనికి తోడైనవి. “అక్కడ గుండమున్నది నాయనా, దిగవద్దు” అని చెప్పు పెద్దదిక్కు ఒడ్డున లేనిచో, ఆ బిడ్డకు పైనున్న తేటనీరు మాత్రమే కనబడును.

ఈ సుడి నీటిలోనుండి లేచి మన తలలపైకి ఎక్కినది. నడినెత్తిన వెండ్రుకలు చుట్టు తిరిగిన చోటును సుడి యందుము. రెండు సుళ్ళున్న వానికి రెండు పెండ్లిండ్లని ముసలమ్మలు నవ్వుచుందురు. సంతలో ఎద్దును బేరమాడువాడు పండ్లు చూచిన తరువాత సుళ్ళు చూచును. ఏ సుడి యెక్కడ నున్నచో యజమానునకు మేలో, ఏది కీడో చెప్పువారు ప్రతి పల్లెలోను ఉండిరి. గుఱ్ఱమునకును అంతే. అందుచేతనే కాబోలు “వానికి సుడి యున్నది”, “వాని సుడి తిరిగినది” అని అదృష్టమునకు పేరు వచ్చినది. నేటి కుఱ్ఱవాండ్రు పరీక్షలో గట్టెక్కిన స్నేహితుని చూచి “ఏమి సుడిరా నీది” యని వేళాకోళమాడుదురు. వారు పలుకు మాటలో ఏఱు, ఎద్దు, నడినెత్తి మూడును కలవని వారెఱుగరు. ఎఱిగినచో ఆ వేళాకోళము మఱింత రుచించును.

ఇక అప్పుల సుడిగుండము. ఈ మాట పత్రికలలో అరిగిపోయినది. కాని నీటి సుడిని ఎఱిగినవానికి ఇందులో నిజమున్నది. లాకు క్రింది సుడిలో పడిన కొబ్బరికాయ ముందునకు పోదు, వెనుకకు రాదు. మునుగును, తేలును, మఱల అచ్చటికే వచ్చును. పంటమీద తెచ్చిన అప్పు పంట అమ్మగనే తీఱినట్లుండి, వడ్డీ కొఱకు క్రొత్త అప్పుగ మాఱి, మఱుసటి తొలకరికి మఱల మన గుమ్మము ముందే నిలుచును. ఆ త్రిప్పట కనుకనే దానికి సుడి యని పేరు. సుడిలో చిక్కినవాడు దానికి ఎదురు పెనగులాడినచో బలము ఖర్చగును. తిరుగు వాలుననే పోవుచు అంచునకు జాఱవలెనని ఈతగాండ్రు చెప్పుదురు. అన్నిటికంటె మేలైన ఉపాయము దిగకుండుట యనియు వారే చెప్పుదురు. అప్పు విషయమున దీనికంటె మంచి సలహాను ఏ బ్యాంకు ఉద్యోగియు ఇయ్యలేడు.

సుడి తరువాత వడి. వడి యన్నది నీటి వేగము. వడివడిగ నడచుట, వడిగల గుఱ్ఱము, అన్నియు నీటి వేగమును గుర్తునకు తెచ్చును. అదే మాట నూలు పోగునకు ఎక్కించు మెలికకును పేరు. వడి చాలని నూలు మగ్గముపై తెగునని చీరాల నేతగాండ్రకు తెలియును. పద్యములో యతిస్థానమునకు గూడ వడి యని పేరు. నీరు, నూలు, పద్యము: మూడింటికిని ఒక్క మాట. వడి లేని నీరు మురుగును, వడి లేని నూలు తెగును, వడి తప్పిన పద్యము కుంటును. వడి మీఱిన ప్రవాహము ఉరవడి. ఏఱు నిండి ఎగిరి దుమికినచో పరవళ్ళు త్రొక్కినదందుము. ఒక చిన్న జాగ్రత్త చెప్పవలెను. ఉరవడి వేఱు, ఒరవడి వేఱు. పలక నేర్చు బిడ్డ దిద్దుకొనుటకై పంతులు పైవరుసలో వ్రాసి యిచ్చు మేలుబంతి ఒరవడి. ఒకటి నీటిది, ఒకటి బడిది. “క్రొత్త ఒరవడి” యన్నచో క్రొత్త మేలుబంతి. “క్రొత్త ఉరవడి” యన్నచో క్రొత్త వేగము. రెండింటిని కలిపివేసినచో రెండును పోవును.

మన మనసునకు మనము పెట్టుకొన్న మాటలలో పెక్కు నీటివే. తొలకరి వరదతో ఎఱ్ఱని మట్టి కలిసిన నీరు కలగును. అది కలక. మనసు అట్లే కలగినచో కలత. ఆ నీటిని బిందెతో తెచ్చి, చిల్లగింజ అరగదీసి కలిపి, కదపకుండ ఉంచినచో మట్టి అడుగున చేరి నీరు తేఱును. మనిషి దుఃఖమునుండి కోలుకొన్నప్పుడు “తేఱుకొన్నాడు” అందుము. ఎంత చక్కని మాట! తేఱుకొనుట యనగా మట్టి మాయమగుట కాదు. అది అడుగున ఉండనే యుండును. కాలము గడచి, కదలిక తగ్గి, పైనీరు తేటపడును. మనవారు మరణించిన యింటికి పోయి “కొంచెము తేఱుకొన్నారా?” యని అడుగుటలో ఇంత ఎఱుక కలదు. అట్టి యింటివారిని గడియకొక మాఱు కదపరాదనియు ఆ మాటయే చెప్పుచున్నది.

మునిగినది పైకి వచ్చుట తేలుట. “లెక్క తేలినది”, “నిజము తేలినది”, “విషయము తేల్చుము” అని సభలలో అనుచుందుము. బిందువులో నున్నది పైకి కనబడినప్పుడే తేలినదగును. ఎవరో చేతితో పైకెత్తి చూపినది తేలుట కాదు. పంచాయతీలో తీర్పు చెప్పువారు ఈ భేదమును గుర్తుంచుకొనవలెను. ఆపద తప్పినచో గట్టెక్కినాము, దరి చేరినాము, ఒడ్డున పడినాము అందుము. గాలి ఎటు వీచిన అటు పోవు మనిషి గాలివాటు మనిషి. లోకమునకు వెఱవని వాడు ఏటికి ఎదురీదువాడు. సంసారమును సాగరమని వేదాంతులు చెప్పక పూర్వమే పడవవాండ్రు ఈ సంగతి గ్రహించియుందురు.

సముద్రము చెంత నున్న మనకు ఆటుపోట్లను గుఱించి ఎవరును నేర్పనక్కఱలేదు. పైకి వచ్చునది పోటు, వెనుకకు తీయునది ఆటు. రమారమి ఆఱు గంటలకొక మాఱుగ ఇవి వంతులు తీసికొనును. నేడు వచ్చిన వేళకు రేపు రావు. ఇంచుమించు 50 నిమిషములు ఆలస్యముగ వచ్చును. అమావాస్యకును పున్నమికిని పోటు పెద్దది. వాన పడి పొలము మునిగినప్పుడు దిగువ రైతు మొదట చూచునది ఆకాశమును కాదు, పోటును. పోటు వేళ మొగలలో సముద్రపు నీరు ఎదురు నిలుచుటచే మురుగు కాలువ దిగదు. ఆటు వచ్చినప్పుడే దిగును. ఇప్పుడు మనము “జీవితములోని ఆటుపోట్లు” అని కష్టములన్నింటిని ఒక గంపలో వేయుచున్నాము. పాత అర్థములో సగము కష్టము, సగము ఊరట. పోటు వేళ ఎంత తవ్వినను నీరు దిగదు. ఆటు వేళకు కాలువ నోరు పూడిక లేక సిద్ధముగ నుండవలెను. ఓర్పును ఆయత్తమును ఒక్క మాటలో నేర్పిన భాష మనది.

ఇప్పుడు నేను చెప్పవలసిన ముఖ్య విషయమునకు వచ్చితిని. సుడికి సంస్కృతములో ఆవర్తము అని పేరు. తిరిగి తిరిగి వచ్చునది ఆవర్తము. పుస్తకము రెండవ మాఱు అచ్చయినచో ద్వితీయావృత్తి. తాళము ఒక చుట్టు తిరిగినచో ఒక ఆవర్తము. రేడియోలో వాతావరణ వార్తలు వినువారు “బంగాళాఖాతములో ఉపరితల ఆవర్తనము” అని వినుచుందురు. అది గాలిలోని సుడి. అది బలపడినచో అల్పపీడనము, ఇంకను బలపడినచో వాయుగుండము, ఆపైన తుపాను. వాయుగుండమను మాటను చూడుడు. ఏటిలోని సుడిగుండమును ఎఱిగిన తెలుగువాడే ఆకాశములోని సుడికి ఆ పేరు పెట్టగలడు. ఇంగ్లీషువారి సైక్లోను అను మాటయు ఇట్టిదే. బంగాళాఖాతపు తుపానులను పరిశీలించుచు కలకత్తాలో నుండిన పిడింగ్టన్ అనునాతడు 1848లో ప్రకటించిన గ్రంథమున ఆ మాటను వాడుకలోనికి తెచ్చెను. గ్రీకు భాషలో పాము చుట్టను తెలుపు మాటనుండి దానిని తీసికొనెను. మన సముద్రపు సుడిని చూచియే లోకమునకు ఆ మాట అబ్బినది. తుపాను అన్నది అరబ్బీ పారసీకముల మీదుగ మనకు వచ్చినది. ఈ అన్నింటిలో అచ్చముగ మనది, మిక్కిలి భయంకరమైనది, ఉప్పెన.

వరద పైనుండి, నదిలో వచ్చును. వెల్లువ గట్లు పొర్లి పాఱును. ఉప్పెన సముద్రమునుండి భూమిపైకి నడచి వచ్చును. గాలివాన యన్న మాటలో గాలి యున్నది, వాన యున్నది, సముద్రము లేదు. ఉప్పెన యన్న మాట వినగనే నోటికి ఉప్పు తగులును. 1789లోను 1839లోను కోరంగిని, 1864లో మచిలీపట్నమును ఉప్పెనలు ముంచినవి. 1977 నవంబరు 19న చీరాల వైపున తీరము దాటిన తుపాను దివిసీమపైకి తెచ్చిన ఉప్పెనలో, ప్రభుత్వపు లెక్కల ప్రకారమే, సుమారు 10,000 మంది మరణించిరి. తుపాను దాటినది చీరాల చెంత, ఉప్పెన ముంచినది దివిసీమను. ఇది యెట్లు? మన అర్ధగోళమున తుపాను గడియారపు ముల్లునకు ఎదురుగ తిరుగు సుడి. అది తీరమునకు వచ్చునపుడు, వచ్చు దారికి కుడిప్రక్కన గాలి సముద్రమునుండి భూమిపైకి కొట్టుచు నీటిని త్రోసికొని వచ్చును. ఎడమప్రక్కన గాలి భూమినుండి సముద్రమువైపునకు పోవును. చీరాలకు కుడిప్రక్కన నున్నది కృష్ణా ముఖద్వారము. కావున తుపాను ఎక్కడ తీరము దాటునని అడుగుటతో మన పని తీఱదు. మనము దానికి ఏ ప్రక్కన నున్నామని గూడ అడుగవలెను. సుడి యన్న మాటను పూర్తిగ ఎఱిగినవాడు ఈ ప్రశ్న వేయగలడు.

1990 మే 9న కృష్ణా ముఖద్వారమున తుపాను తీరము దాటినప్పుడు ముందుగ హెచ్చరించి జనులను పెద్దయెత్తున తరలించిరి. ప్రాణనష్టము 1977 నాటి దానిలో చిన్న భాగమైనది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది. నేడు ఉపగ్రహములు, సెల్‌ఫోనులు ఉన్నవి. హెచ్చరిక మన చేతిలోనికే వచ్చును. అయినను వచ్చిన హెచ్చరికను అర్థము చేసికొనునది మాటయే. “ఉప్పెన వచ్చు సూచన కలదు” అన్నచో వినువాని కాళ్ళు మెఱకవైపునకు కదలవలెను. మనమో, సభలకు జనము ఉప్పెనగ వచ్చిరనియు, అభిమానము ఉప్పెనయై పొంగెననియు వ్రాయుచున్నాము. అలంకారమును తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఐనను 1977లో ఆ నీటిని చూచినవారు మన నడుమ ఇంకను ఉన్నారు. వారి యెదుట ఆ మాటను పండుగకు తోరణముగ కట్టకుండుట మర్యాద. ఆ మాటలోని భయమును పిల్లలకు అందించుట కర్తవ్యము. అభిమానమునకు వెల్లువ చాలును. ఉప్పెనను ఉప్పెనకే ఉంచుదము.

ఈ మాటలు ఎందుకు జాఱిపోవుచున్నవి? కాలువలలో పడవలు ఆగిపోయినవి. పడవతో పాటు సరంగు మాటలును పోయినవి. త్రాగునీరు సీసాలలోనికి ఎక్కినది. చిల్లగింజ ఎట్లుండునో బిడ్డలెఱుగరు. ఈత నేర్పు తీఱిక పెద్దలకు లేదు. ఏటిని టెలివిజనులో చూచు పిల్లవానికి “తేఱుకొనుట” యనగా ఉత్త మాట. తప్పు వానిది కాదు. వానికి ఆ నీటిని చూపనిది మనము.

ఇచ్చట గ్రంథాలయము పని మొదలగుచున్నది. మన సీమలో గ్రంథాలయములకు నీటితో పాతచుట్టరికము కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. పుస్తకములు నీటి వాలున పాఠకుల రేవులకు వచ్చినవి. 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము పాత పత్రికలను భద్రపఱచి నేటికిని పరిశోధకులకు అన్నము పెట్టుచున్నది. 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వ్యవసాయ వృత్తిపదకోశమును ప్రకటించినది. 1971లో చేనేత పదకోశము వచ్చినది. ఆ పండితులు పల్లెలకు పోయి, రైతును నేతగానిని అడిగి వ్రాసికొన్నారు. వారు చేసినది మహాకార్యము. మన ఊరి రేవు మాటలను వ్రాసికొనుటకు మఱియొక పండితుడు వచ్చువఱకు ఎదురుచూడనక్కఱలేదు.

కార్యవర్గమువారికి నా విన్నపము ఒక్కటే. ఈ రజతోత్సవ సంవత్సరమున ఒక గట్టి అట్ట పుస్తకమును కొని బల్లపై ఉంచుడు. అందులో నాలుగు గళ్ళు గీయుడు. మొదటి గడిలో మాట. రెండవ గడిలో అది నీటికి ఏ యర్థమున వాడుదురో. మూడవ గడిలో మనుష్యులకు ఏ యర్థమున వాడుదురో. నాలుగవ గడిలో అది ఏ వృత్తివారి నోట, ఏ రేవున వినబడినదో. చందాదారుడు పుస్తకము తిరిగి ఇచ్చునప్పుడు ఒక మాట వ్రాసి పోవలెను. వ్రాయరాని పెద్దలు చెప్పినచో బడిపిల్లలు వ్రాయవలెను. నిజాంపట్నము వేటగాండ్రను, లంకలలోని రైతులను, లాకుల మీద పని చేసిన పాత ఉద్యోగులను పిలిచి నెలకొక సాయంకాలము కూర్చుండబెట్టుడు. అది గ్రంథాలయము కొన్న పుస్తకములన్నింటికంటె విలువైన పుస్తకమగును. ఏ అంగడిలోను దొరకదు.

మొదటి పుటను నింపుటకు నేడు ఆఱు మాటలు ఇచ్చి పోవుచున్నాను: సుడి, వడి, ఆటు, తేట, గుండము, ఉప్పెన. తక్కినవి మీవి.